షిఫ్టు ముగిసేలోగా

జనవరి 14

రెండు గీతలు.

ఇంకేమీ రాయను.

జనవరి 15

రాయనన్నాను గాని, ఇక్కడ రాసుకోకపోతే ఎవరితోనో అనేస్తాను. ఆ భయం ఇంకా ఎక్కువ. మా ఆయన నుర్కేన్‌కి ఫోన్లో చెప్పలేదు. పడమట చమురు బావుల దగ్గర ఉన్నాడు, మార్చి దాకా రాడు. కిందటి రెండుసార్లూ ఫోన్లోనే చెప్పాను. రెండుసార్లూ కొన్నాళ్ళకి అదే ఫోన్లో ఇంకో మాట చెప్పాల్సి వచ్చింది. ఒకటి ఎనిమిదో వారం. ఒకటి పదో వారం. రెండోసారి అవతల చాలాసేపు గాలి మోతే వినబడింది. తర్వాత, "ఏమన్నా తిన్నావా?" అని అడిగాడు. మంచివాడు. అందుకే చెప్పలేదు.

జనవరి 17

అల్మాటీ రైలు దుప్పట్లూ తాష్కెంట్ రైలు దుప్పట్లూ ఒకేసారి లాండ్రీలో దిగాయి. ఉతికే డ్రమ్ముల దగ్గర నుంచి ఆరబెట్టే గదికి పద్దెనిమిది తడి బస్తాలు మోశాను. ఒక్కోటి ఇరవై కిలోలకు తక్కువుండదు. పొట్ట బిగించకుండా ఒట్టి చేతులతో ఎత్తాలని చూశాను. అలా ఎత్తడం ఎవరివల్లా కాదు.

టీ వేళ ఉల్బోసిన్ అక్క నా మొహంలోకి చూసి గ్లాసు కింద పెట్టింది. ఈ లాండ్రీలో ఆవిడవి ఇరవై రెండేళ్ళు. నలుగురు ఆడపిల్లల తర్వాత మళ్ళీ ఆడపిల్లే పుట్టిందని, వచ్చేదైనా మగపిల్లాడు కావాలని వాళ్ళ నాన్న ఆవిడకి 'మగపిల్లాడు పుట్టాలి' అని అర్థమొచ్చే ఆ పేరు పెట్టాడు. "మగపిల్లాడు రాలేదు గాని వాడి గొంతు మాత్రం నాకొచ్చింది" అంటుంది. ఇవాళ ఆ గొంతు బాగా తగ్గించింది.

"ఎన్ని వారాలే?"

"ఏవి?"

"సరే, చెప్పకు. దిష్టి పెట్టానని మీ అత్తచేత అనిపించుకోలేను. మన కాంట్రాక్టు ఎప్పటిదాకా?"

"ఫిబ్రవరి ఇరవై ఎనిమిది."

"జదీరా సంగతి గుర్తుందా?"

గుర్తుంది. కిందటేడు జదీరా తొమ్మిదో వారంలో సంతోషం పట్టలేక తనే వెళ్ళి మేనేజరుకి చెప్పింది. ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం, ఇంకో గంటలో షిఫ్టు అయిపోతుందనగా, ఆఫీసు నుంచి ఇర్మా గారు వచ్చి ఒక కాగితం చేతిలో పెట్టింది. గడువు ముగిసింది, ఇక రానక్కర్లేదు. జదీరా ఆ చివరి గంట కూడా దిండు గలేబులు ఇస్త్రీ చేసే వెళ్ళింది.

"కడుపుతో ఉన్నదాన్ని తీసెయ్యకూడదు కదక్కా?"

"తీసెయ్యకూడదు. గడువు అయిపోతే తీసేసినట్టు కాదట. కాని గడువు రోజున పన్నెండు వారాలు నిండాయని డాక్టరు కాగితం చూపిస్తే పొడిగించి తీరాలి, బిడ్డ సెలవు అయ్యేదాకా. జదీరా వెళ్ళిపోయాక ఆ ముక్క నాకు తెలిసింది. ముందు తెలిసుంటే నోరుమూసుకోమనేదాన్ని."

ఇంటికొచ్చి గోడ కేలెండరు మీద లెక్కేశాను. చివరి నెలసరి, డిసెంబరు తొమ్మిది నుంచి. గడువు రోజుకి పదకొండు వారాల నాలుగు రోజులు.

మూడు రోజులు తక్కువ.

జనవరి 18

మళ్ళీ లెక్కపెట్టాను. మూడు రోజులే.

జనవరి 26

అత్తయ్య పొద్దున్నే మాంసం ఉడకపెట్టింది. గొర్రె కొవ్వు వాసన తగలగానే లేచి వరండాలోకి పోయాను. లోపలికొచ్చేసరికి ఆవిడ పొయ్యి మీద దిష్టి తీసే అద్రస్పాన్ ఎండుకొమ్మ వెలిగించి సిద్ధంగా ఉంది. పొగ నా తల చుట్టూ, చేతుల కింద, నడుం చుట్టూ తిప్పింది.

"నేనేం అడగను, నువ్వేం చెప్పకు. కడుపు నీకంటే ముందు నడిచేదాకా మాట గుమ్మం దాటకూడదు."

"డాక్టరు దగ్గర పేరు రాయించుకోవాలి అత్తయ్యా."

"డాక్టరుకి మాత్రం కళ్ళుండవా?"

పొగకి ఇద్దరికీ కళ్ళు నీళ్ళు కారాయి. పొగకే.

ఫిబ్రవరి 3

ఇరవై ఆరు బస్తాలు. ఏమీ కాలేదు.

ఫిబ్రవరి 6

బట్టలకి చిన్న మరక. పాత గొట్టాల్లోంచి తుప్పు నీళ్ళు వస్తున్నాయి, అందరి బట్టలకీ అంటుతున్నాయి. తుప్పే.

ఫిబ్రవరి 7

మరక లేదు.

ఫిబ్రవరి 8

ఉంది. తుప్పు కాదు.

ఫిబ్రవరి 10

సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాను. పళ్ళు నొప్పి అని చెప్పాను, చెప్పి దవడ పట్టుకునే బయటికి నడిచాను. డాక్టరమ్మ తెర నా వైపు తిప్పింది. మినప్పప్పంత చోటులో ఏదో మిణుక్కుమంటోంది. ఇంతకు ముందు రెండుసార్లు ఇదే మిణుకు చూశాను. అందుకని ఎక్కువసేపు చూడలేదు.

"ఏం పని చేస్తావమ్మా?"

"లాండ్రీలో."

"బరువులెత్తుతావా?"

"కొంచెం."

"కొంచెమంటే?"

"ఇరవై కిలోలు."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత ఒక కాగితం రాసి ముద్ర వేసింది. "ఇది పనిచోట ఇవ్వు. తేలిక పనిలోకి మార్చాలి, జీతం తగ్గించకూడదు. ఇది నా సలహా కాదు, చట్టం. ఇవ్వాళే ఇవ్వు."

కాగితం పిండి డబ్బా వెనక పెట్టాను. ఇస్తే తెలిసిపోతుంది. ఇవ్వకపోతే ఎత్తాలి. ఇంకా పద్దెనిమిది రోజులు. పద్దెనిమిది ఎంతసేపు?

ఫిబ్రవరి 12

నా బస్తాలు ఉల్బోసిన్ అక్క మోస్తోంది. ఇస్త్రీ రోలరు దగ్గరున్న మేనేజరు బెక్సుల్తాన్ చూశాడు.

"సాయాగుల్, ఈమధ్య నీ బస్తాలకి కాళ్ళొచ్చినట్టున్నాయే. వాటంతటవే నడిచెళ్ళి ఉల్బోసిన్ భుజమెక్కుతున్నాయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఏడు బస్తాలు నేనే మోశాను.

ఫిబ్రవరి 14

ఒక విషయం ఇన్నాళ్ళూ ఇక్కడ రాయలేదు. రాస్తే నిజమవుతుందని.

చేరిన రోజున మా అందరిచేతా ఒక కాగితం రాయించుకున్నారు. "నా ఇష్టప్రకారం ఉద్యోగం మానుకుంటున్నాను" అని. కింద సంతకం. తేదీ లేదు. "ఇది మామూలే, అందరూ రాస్తారు" అన్నాడు బెక్సుల్తాన్. అందరూ రాశారు. అవన్నీ ఇర్మా గారి ఇనప బీరువాలో ఉన్నాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తేదీ వేసుకోవచ్చు. చట్టం తీసెయ్యకూడదంటుంది. నా అంతట నేనే వెళ్ళిపోతే చట్టం ఏం చేస్తుంది?

అందుకే చెప్పకూడదు. ఇరవై ఎనిమిది దాకా అసలు చెప్పకూడదు.

ఫిబ్రవరి 17

పొద్దున పదింటికి మళ్ళీ కనబడింది. ఈసారి ఎక్కువ. మరుగుదొడ్డి తలుపు లోపల గడియ పెట్టుకుని నిలబడిపోయాను. నిలబడితే ఆగుతుందనుకున్నాను. ఉల్బోసిన్ అక్క తలుపు తట్టింది.

"తలుపు తియ్యి."

"బాగానే ఉన్నానక్కా."

"తియ్యవే."

తీశాను. ఆవిడ నన్ను చూడలేదు, నేల చూసింది. తర్వాత నా భుజాలు పట్టుకుని గోడకి ఆనించింది.

"పన్నెండు వారాలు, పన్నెండు వారాలు అని నీకు పిచ్చెక్కించింది నేనే. కాగితం మీద పన్నెండు రావాలంటే లోపల ఉండొద్దూ?"

అంబులెన్సులో తీసుకెళ్ళారు. మిణుకు ఉంది. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. ఫైల్లో ఆ కాగితం తేదీ చూసి, "వారం" అంది. అంతే అంది.

ఫిబ్రవరి 19

పొద్దున ఆఫీసుకెళ్ళి తేలిక పని కాగితం ఇర్మా గారి బల్ల మీద పెట్టాను. అరవయ్యేళ్ళ మనిషి. తాతల కాలంలో యుద్ధమప్పుడు ఇక్కడికి తోలుకొచ్చిన జర్మన్ల కుటుంబం. ఎప్పుడూ ఉన్ని శాలువా, ఎప్పుడూ తలవంచుకునే ఉంటుంది. అక్క చెప్పినట్టు, కాపీ మీద అందినట్టు నంబరు వేసివ్వమన్నాను. నంబరు వేసింది. "సార్ దగ్గరికి వెళ్ళాలి నువ్వు" అంది.

బెక్సుల్తాన్ కుర్చీ చూపించాడు. టీ తెప్పించాడు. అదే ఎక్కువ భయం వేసింది.

"ముందే చెప్తే నేనేమన్నా పులినా? నాకూ ముగ్గురు పిల్లలు. చూడు, ఎందుకీ తలనొప్పి మనకి? ఇద్దరి ఒప్పందం మీద ఇవ్వాళే కాంట్రాక్టు ముగించేద్దాం. హాయిగా ఇంట్లో పడుకో. బిడ్డ పుట్టాక రా, చేర్చుకుంటాను. నా మాట."

కలం కూడా ఇచ్చాడు. ఇంట్లో పడుకో అనేసరికి నిజంగా పడుకోవాలనిపించింది. దాదాపు రాసేశాను.

"మా ఆయన్ని అడగాలి" అన్నాను.

"అడుగు." సొరుగు తెరిచాడు. నా పాత కాగితం అప్పటికే ఇర్మా గారి బీరువాలోంచి ఇక్కడికి వచ్చేసింది. బల్ల మీద పెట్టి నా వైపు తిప్పాడు. "ఇది నీ రాతే కదా? ఆయన్ని అడిగేటప్పుడు ఇది కూడా చెప్పు."

మధ్యాహ్నం నుంచి తేలిక పని ఇచ్చాడు. సరుకు దిగే షెడ్డులో, తెరిచిన గేటు పక్కన కూర్చుని మూటలు లెక్కపెట్టడం. బయట మైనస్ ఇరవై రెండు. దిండు గలేబుకి బరువేముంది అన్నాడు.

ఫిబ్రవరి 20

కార్మిక ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి ఒక్కదాన్నే వెళ్ళాను. మెట్ల దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఇన్‌స్పెక్టరు జలుబుతో ఉన్నాడు, ముక్కు తుడుచుకుంటూనే అంతా విన్నాడు.

"తేదీ లేని కాగితమా? మీరొక్కరే కాదులెండి. ఇవ్వాళే ఇంకోటి రాయండి. నాకు మానుకునే ఉద్దేశం లేదు, నా పేరుతో తేదీ లేకుండా ఉన్న రాజీనామా నా ఇష్టం కాదు అని. మీ ఆఫీసులో ఇచ్చి నంబరు వేయించుకోండి. తర్వాత ఆయన ఏ తేదీ వేసుకున్నా ఇది అడ్డం ఉంటుంది."

"మూడు రోజులు తక్కువ సార్."

"అది డాక్టరు చేతిలో ఉంది, నా చేతిలో లేదు." మళ్ళీ తుమ్మి, చట్టం పుస్తకంలో వేలు పెట్టి వెతికాడు. "ఇంకోటి వినండి. గడువు ఆఖరి రోజున, షిఫ్టు ముగిసేలోగా, ఆపేస్తున్నామని రాతపూర్వకంగా మీకు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే గడువుకి పొడిగించినట్టే. అలా మర్చిపోయేవాళ్ళు తక్కువనుకోండి."

మా ఆఫీసులో మర్చిపోరు. ఆఖరి గంట దాకా పని చేయించుకుని ఇవ్వడమే వాళ్ళ పద్ధతి.

రెండో కాగితం రాసిచ్చాను. ఇర్మా గారు చదివింది. ఒకసారి తలెత్తి చూసింది. నంబరు వేసింది.

ఫిబ్రవరి 23

ఉల్బోసిన్ అక్క అంది, "తొమ్మిదో తేదీ అని రాళ్ళ మీద చెక్కారా? ఐదని చెప్పు డాక్టరుకి."

అబద్ధం చెప్పి కడుపు నిలబెట్టుకోకూడదు అన్నాను. అత్తయ్య కూడా అదే అంటుంది, అడిగితే.

ఫిబ్రవరి 24

అసలు ఐదే అయ్యుండొచ్చు. ఆ వారం మంచు తుఫాను, రోజులు కలిసిపోయాయి. తొమ్మిదని ఆలస్యంగా రాసుకుని ఉంటాను.

ఫిబ్రవరి 25

ఐదే.

ఫిబ్రవరి 27

డాక్టరమ్మతో డిసెంబరు ఐదు అన్నాను. ఆవిడ స్కాను చేసి, తెర మీద గీత ఈ చివర నుంచి ఆ చివరకి లాగింది.

"ఈ మిషను నిన్ను తేదీ అడగదమ్మా. పదకొండు వారాల మూడు రోజులు. ప్రతి ఫిబ్రవరిలోనూ నా దగ్గరికి ఇలాంటి తేదీలతో అమ్మాయిలొస్తారు. ఎందుకొస్తారో నాకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. అంతకంటే నావల్ల కాదు."

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఉన్నది ఉన్నట్టు రాసిచ్చింది. బిడ్డ చెయ్యి కదిలింది, తెర మీద. చెయ్యని నేననలేదు, ఆవిడే అంది.

రేపు ఇరవై ఎనిమిది.

ఫిబ్రవరి 28

అంతా వరసగా రాయాలి. తర్వాత ఎవరైనా అడిగితే తడబడకూడదు.

ఎనిమిదింటికి షెడ్డులో కూర్చున్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల తిప్పి చూస్తున్నాను. లారీ వాళ్ళు, మూటలు, లారీ వాళ్ళు. పదకొండింటికి బెక్సుల్తాన్ వచ్చి, "చలేస్తోందా?" అని అడిగి వెళ్ళాడు. మధ్యాహ్నం నగరంలో మీటింగుకని కారెక్కాడు. ఎక్కే ముందు ఆఫీసు గుమ్మంలో ఇర్మా గారికి ఒక కవరు ఇచ్చి ఏదో చెప్పాడు. నా వైపు చూపించలేదు. చూపించక్కర్లేదు కదా.

దాక్కుందామనుకున్నాను. నిజం. మరుగుదొడ్డిలోకో, డిపో అవతలికో. కాని పని వదిలి పారిపోయిందని రాసుకుంటారు. అందుకని కూర్చునే ఉన్నాను.

నాలుగున్నరకి ఇర్మా గారు వచ్చింది. శాలువా, చేతిలో కవరు, చంకలో రిజిస్టరు. నా పక్కన మూటల మీద కూర్చుంది.

"సాయా, ఇక్కడ చాలా చలిగా ఉంది" అంది.

"అవునండి."

ఆవిడ కవరు ఒళ్ళో పెట్టుకుంది. ఇస్తుందని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. గేటులోంచి పట్టాల మీద మంచు చూస్తూ కూర్చుంది.

"జదీరాకి బాబు పుట్టాడట" అంది కాసేపటికి. "తెలుసా?"

"తెలీదు."

"నన్ను బజార్లో చూసి పలకరించింది. నన్ను పలకరించింది, చూడు. నేనిలా చేతికి కాగితం ఇచ్చినవాళ్ళు పదకొండు మంది. అందరి పేర్లూ ఈ రిజిస్టర్లోనే ఉన్నాయి. టైముతో సహా నేనే రాశాను."

గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. ఆవిడ ఎందుకు ఇవ్వడంలేదో అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక భయం ఇంకా పెరిగింది. ఎవరైనా వస్తారని. ఆవిడ మనసు మార్చుకుంటుందని. మాట్లాడితే పాడవుతుందని.

"పింఛనుకి ఇంకెంతకాలం ఇర్మా గారూ?" అని మాత్రం అడిగాను.

"పద్నాలుగు నెలలు."

ఇద్దరం పట్టాలు చూశాం. ఐదింటికి షిఫ్టు ముగిసిన సైరన్ మోగింది. హాల్లో డ్రమ్ములు ఒక్కొక్కటే ఆగాయి. ఆడవాళ్ళు కోట్లు వేసుకుంటూ మా ముందు నుంచే బయటికి వెళ్ళారు. ఉల్బోసిన్ అక్క ఆగింది, మమ్మల్ని చూసింది, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆవిడ మాట్లాడకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

అందరూ వెళ్ళాక ఇర్మా గారు కవరు ఇచ్చింది.

"ఇదిగో, ఇచ్చాను. సంతకం పెట్టు. టైము వెయ్యి."

ఐదూ పన్నెండు. రిజిస్టర్లో ఆవిడా అదే వేసింది, అంకెలు గుండ్రంగా, నిదానంగా. నాకొక కాపీ ఇచ్చింది. లేవబోతే ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి. నేను చెయ్యిచ్చాను.

మార్చి 3

ఈ రోజుకి పన్నెండు వారాలు.

బెక్సుల్తాన్ పిలిచి కేకలేశాడు. నా పాత కాగితం మీద ఇరవై ఎనిమిదో తేదీ వేసి ఉంది, వేరే సిరాతో. నంబరు వేసిన నా కాపీ చూపించాను. ఆయన చాలాసేపు చూసి తన కాగితం సొరుగులో పడేశాడు. కాంట్రాక్టు ఏడాది పొడిగించినట్టే. షెడ్డు నుంచి మార్చి మరమ్మతు బల్ల దగ్గర కుట్టుపని ఇచ్చారు. అక్కడ రేడియేటరు ఉంది.

ఇర్మా గారి కుర్చీ ఖాళీగా ఉంది.

మార్చి 5

రిజిస్టర్లో టైము నాలుగూ నలభైగా దిద్దమన్నాడట. దిద్దలేదట. విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. టైము తప్పుగా వేసిందని, విధిలో నిర్లక్ష్యమని రాశారు. ఇర్మా గారు ఇన్‌స్పెక్టరుకి ఫిర్యాదు పెట్టుకుందట.

బెక్సుల్తాన్ నా బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు, "నీ పని అయింది. ఇర్మా గొడవలోకి నువ్వు రాకు. బిడ్డని చూసుకో."

డాక్టరమ్మ ఆందోళన పడొద్దంది. ఆందోళన పడకూడదు.

మార్చి 7

రేపు ఆడవాళ్ళ పండగ అని బెక్సుల్తాన్ అందరికీ ఒక్కో తులిప్ పువ్వు పంచాడు. నాకూ ఇచ్చాడు. ఎవరో ఒక పువ్వు ఇర్మా గారి బల్ల మీద సీసాలో పెట్టారు. సాయంత్రానికి అది లేదు.

మార్చి 9

ఆందోళన పడకూడదు గనక ఇర్మా గారింటికి వెళ్ళలేదు.

మార్చి 11

నుర్కేన్ వచ్చాడు. చెప్పాను. చాలాసేపు నా అరచెయ్యి తన మొహం మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇర్మా గారి సంగతి చెప్పలేదు. అది కూడా చెబితే ఏమంటాడో తెలుసు. అందుకే చెప్పలేదు.

మార్చి 13

పిండి ఉండలు, బౌర్సాక్‌లు వేయించి ఇర్మా గారింటికి తీసుకెళ్ళాను. గొలుసు తియ్యకుండా తలుపు సందులోంచి చూసింది. తర్వాత తీసింది. "లోపలికి రా, చలి వస్తోంది."

టీ తాగాం. ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు. నాకోసం చేశారు అన్నాను.

"నీకోసం కాదులే" అంది. "పన్నెండో పేరు రాయలేకపోయాను. అంతే. నువ్వు కాకపోయినా రాయలేకపోయేదాన్నేమో. ఏమో, రాసేదాన్నేమో." బౌర్సాక్ విరిచి అలాగే పట్టుకుంది. "ఎల్లుండి... కాదు, రేపేగా, ఇన్‌స్పెక్టరు దగ్గర హాజరు. సాక్షులెవరని అడిగారు. ఎవరూ లేరని రాశాను."

నన్ను రమ్మనలేదు. అంత సేపూ ఒక్కసారి కూడా అనలేదు. దారంతా నాకు అదే వినబడింది.

ఇంటికొచ్చి నుర్కేన్‌కి అంతా చెప్పాను. నేననుకున్నదే అన్నాడు, వెళ్ళమని. అత్తయ్య మాత్రం, "వద్దు. పది మంది కళ్ళల్లో పడతావు" అంది. ఎప్పటికో లేచి అద్రస్పాన్ వెలిగించింది.

మార్చి 14

అదే మెట్లు. వెనక్కి తిరగలేదు గాని మధ్యలో కమ్మీ పట్టుకుని ఆగాను. లోపల బెక్సుల్తాన్ ఉన్నాడు, పక్కన కంపెనీ లాయరు. ఇటు ఇర్మా గారు ఒక్కతే. నన్ను చూసి శాలువా సరిచేసుకుంది. బెక్సుల్తాన్ నన్ను చూసి నవ్వాడు, టీ ఇచ్చిన రోజు నవ్వినట్టే.

ఇన్‌స్పెక్టరు జలుబు తగ్గలేదు.

"ఆ రోజు నోటీసు మీ చేతికి ఎన్నింటికి వచ్చింది?"

నిలబడే నా కాపీ మీద టైము మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

"భయంగా ఉందా?"

"ఉంది సార్."

"అయితే నిలబడి చెప్పడం దేనికి? కూర్చుని చెప్పండి."

ఇర్మా గారి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చుని, పొద్దున ఎనిమిది గంటల నుంచి చెప్పడం మొదలుపెట్టాను.